అలసిన కరెంటు

గోపాలరేవు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన ముత్యాల వీరభద్రం మేష్టారికి ఒక వేసవిలో తన సొంత ఇంట్లో, తన సొంత ఫ్యాను వేసుకునే అర్హత లేకుండా పోయింది. ఆయన చేసిన తప్పల్లా పరీక్షలో సరైన జవాబు రాయడం.

ఆ ప్రాంతానికి కరెంటు సరఫరా చేసే సంస్థకి ఆ ఏడు కొత్త ఛైర్మన్ గారు వచ్చారు. అంతకుముందు ఆయన గొర్రెల అభివృద్ధి చూసేవారు. గొర్రెలకి చేయవలసినంత మేలు చేసి, మనుషులకి కూడా కొంత చేద్దామని ఇటు బదిలీ చేయించుకున్నారు. వచ్చిన మర్నాడే ఇంజినీర్లందరినీ పిలిపించి సమావేశం పెట్టారు.

"మనం ప్రజలకి అందిస్తున్నదేమిటి?" అని అడిగారు.

"కరెంటు సార్."

"అదేమిటో ప్రజలకి తెలుసా?"

ఇంజినీర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తెలుసంటే, "ఏదీ, మీరు చెప్పండి" అంటారేమోనని భయం. అందుకని అందరూ ఒక్క గొంతుతో, "బొత్తిగా తెలీదు సార్" అన్నారు.

ఛైర్మన్ గారు నిర్ఘాంతపోయారు. "అంటే ఏమిటో తెలియని వస్తువుని ఇంటింటా ఎవరికి తోస్తే వాళ్ళు నొక్కేస్తున్నారన్నమాట! సైకిలు తొక్కడం రానివాడు సైకిలెక్కుతాడా? ఈత రానివాడు కాలవలో దూకుతాడా?"

"దూకడు సార్" అన్నారు ఇంజినీర్లు. వాళ్ళలో ఈత రాకుండా దూకినవాళ్ళు ఒకరిద్దరున్నా సందర్భం కాదని ఊరుకున్నారు.

ఆ విధంగా 'తెలిసి వెలిగిద్దాం' అనే పథకం పుట్టింది. స్విచ్చు ముట్టుకోదలచిన ప్రతి స్త్రీ పురుషుడూ ఇంట్లో వాడే ఆల్టర్నేటింగ్ కరెంటు ఎలా పనిచేస్తుందో పరీక్ష రాసి నెగ్గాలి. నెగ్గినవారికి ఫొటోతో సహా 'స్విచ్చు పత్రం' ఇస్తారు. అది మెళ్ళో వేసుకుంటేనే స్విచ్చు మీద చెయ్యి వెయ్యాలి. నెగ్గనివాళ్ళు నెగ్గినవాళ్ళ చేత వేయించుకోవాలి. మాట వినని ఇంటికి స్తంభం దగ్గరే తీగ కత్తిరిస్తారు.

గోపాలరేవులో ఈ పథకం అమలు డివిజనల్ ఇంజినీరు హయగ్రీవరావు గారి మీద పడింది. ఆయన మునిసిపల్ హైస్కూలు ఆవరణలో సభ పెట్టి, తాఖీదు గొంతెత్తి చదివాడు.

"ఇందుమూలముగా సమస్త వినియోగదారులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట అవగాహన లేకుండ వెలుగు పొందుట నిబంధనలకు విరుద్ధము. అంధకారములో ఉండుట మాత్రము నిబంధనలకు విరుద్ధము కాదు."

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు వీరభద్రం మేష్టారే. జీవితమంతా ఫిజిక్సు చెప్పినా, ఫిజిక్సు కావాలని తనంత తానుగా అడిగినవాడు ఆయనకి ఒక్కడూ తగల్లేదు. ఇప్పుడు ప్రభుత్వమే ఊరందరినీ నేర్చుకోమంటోంది. ఆయనకి కళ్ళు చెమర్చాయి.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య మంగతాయారు వంటింట్లో పీట మీద కూర్చుని, సంస్థవారు అచ్చువేసి పంచిన 'గృహ విద్యుత్ ప్రబోధిని' చదువుతోంది.

"అది పక్కన పెట్టు. నేను చెప్తాను విను" అన్నారు మేష్టారు. "చల్ల చిలికేటప్పుడు కవ్వానికి తాడు చుడతావు కదా. ఒక కొస ఇటు లాగుతావు, ఒక కొస అటు లాగుతావు. తాడు ఎక్కడికైనా పోతోందా?"

"ఎక్కడికి పోతుందండీ, నా చేతుల్లోనే ఉంటుంది."

"మరి వెన్న?"

"వెన్న పడుతుంది."

"అంతే! తీగలో ఉన్న ఎలక్ట్రాన్లు కూడా అలాగే ఉన్నచోటనే ఇటూ అటూ ఊగుతాయి. సెకనుకి యాభైసార్లు ఇటు, యాభైసార్లు అటు. ఆ ఊగడం కూడా ఎంతనుకున్నావు, వెంట్రుకవాసి ఉండదు. ఫేజు తీగ లాగుతుంది, నెడుతుంది. న్యూట్రల్ తీగ రెండో కొస. సబ్‌స్టేషన్ నుంచి వచ్చేది కరెంటు సరుకు కాదు, చిలికే బలం. కరెంటు రావడం, అయిపోవడం అంటూ ఏమీ లేదు."

మంగతాయారు ప్రబోధిని పేజీ తిప్పి చూసింది. "ఇందులో అలా లేదండీ. 'ఫేజు తీగపై విచ్చేసిన కరెంటు గృహమునందు పనిచేసి, అలసి, న్యూట్రల్ తీగపై తిరిగి వెళ్ళును' అని ఉంది."

"కరెంటు అలసిపోవడమేమిటి?"

"అత్తారింట్లో చాకిరీ చేసిన కొత్తల్లుడితో పోల్చారండీ. బాగానే ఉంది" అని ఆవిడ చదువుకోసాగింది.

"అల్లుడు చాకిరీ చెయ్యడం ఎక్కడైనా ఉందా? అక్కడే తప్పు!" అని మేష్టారు విసుక్కున్నారు. అయితే పరీక్ష దిద్దేవాళ్ళు ఎలాగూ ఇంజినీర్లే కదా, సరైన జవాబు చూస్తే సంతోషిస్తారని ఆయన నమ్మకం.

పరీక్షలో మొదటి ప్రశ్న, "కరెంటు ఇంటికి ఏ తీగ ద్వారా వచ్చును? పని అయిన పిమ్మట ఎటు పోవును?" రెండోది, "స్విచ్చు కట్టివేసినపుడు కరెంటు ఎక్కడ వేచియుండును?"

మేష్టారు మొదటి ప్రశ్నకి అదనపు కాగితాలు అడిగి తీసుకుని, బొమ్మలు గీసి, కరెంటు రాదనీ పోదనీ రుజువు చేశారు. రెండో ప్రశ్న కింద, "ఈ ప్రశ్నే తప్పు" అని రాసి గీత కొట్టారు. ఆయన పక్క బల్ల మీద కూర్చున్న మంగతాయారు ప్రబోధినిలో ఉన్నది ఉన్నట్టు దింపేసి, స్విచ్చు కట్టేసినప్పుడు కరెంటు 'స్విచ్చు వెనుక, గోడలో' వేచి ఉంటుందని రాసి, తొందరగా ఇంటికెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టింది.

ఆవిడకి మొదటి తరగతి వచ్చింది. మేష్టారు తప్పారు. ఆయన జవాబు పత్రం మీద దిద్దినవాళ్ళు ఎర్ర సిరాతో, "కరెంటు రాదని అభ్యర్థి వాదన. ఫిర్యాదుల విభాగానికి పంపగలరు" అని రాశారు. రెండు రోజులకి లైన్‌మన్ నూకరాజు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు.

"కరెంటు రావట్లేదని రాశారంటండి. ఫీజు పోయిందేమో చూసి రమ్మన్నారండి" అన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో పరిస్థితి మారిపోయింది. మంగతాయారు మెళ్ళో మంగళసూత్రాల పక్కన స్విచ్చు పత్రం చేరింది. మేష్టారు దీపం కావాలన్నా, ఫ్యాను కావాలన్నా ఆవిడని పిలవాలి. ఆవిడ బజారుకి వెళ్తే వచ్చేదాకా తాటాకు విసనకర్రే గతి. దొంగచాటుగా వేసుకుందామా అంటే, మిఠాయి కొట్టు సుబ్బరామయ్య అలాగే వేసుకుని దొరికిపోయాడు. ఆకస్మిక తనిఖీ దళం గుమ్మంలోంచి తొంగి చూసే వేళకి అతని మెడ ఖాళీగా ఉంది, బల్బు వెలుగుతోంది. ఆ సాయంత్రానికి అతని కొట్టుకి తీగ లేదు.

"ఏమేవ్, కాస్త ఫ్యాను వెయ్యి" అని మేష్టారు పిలిచేవారు.

మంగతాయారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్విచ్చు దగ్గర నిలబడి, "కరెంటు ఎటునుంచి వస్తుందండీ?" అని అడిగేది.

"మంగా! ఎండ మండిపోతోంది."

"ఒక్క ముక్క చెప్పండి చాలు. ఫేజు మీంచి వస్తుందనండి, వేసేస్తాను."

"చచ్చినా అనను."

ఆవిడ నవ్వుకుంటూ ఫ్యాను వేసి వెళ్ళేది. పెళ్ళైన దగ్గర్నుంచి పాఠం చెప్పించుకోవడమే కానీ, అప్పజెప్పించుకోవడం ఆవిడకి ఇదే మొదలు. అందుకని ఆ వేడుక రోజుకి నాలుగైదుసార్లు జరిగేది.

మేష్టారికి నవ్వు రాలేదు. చెమట ఆయన భరించగలరు. వీధిలోవాళ్ళు, "ఫిజిక్సు మేష్టారు కరెంటులో తప్పారంట" అనుకోవడం భరించలేకపోయారు. ఒకరోజు గొడుగేసుకుని డివిజనల్ ఆఫీసుకి వెళ్ళారు. హయగ్రీవరావు గారు ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. లేచి నిలబడి కుర్చీ వేయించాడు. ప్యూను చేత ఫ్యాను వేయించడానికి ముందు ప్యూను మెడలో పత్రం ఉందో లేదో చూశాడు.

"హయగ్రీవం, కరెంటు అలసిపోతుందని నేను నీకెప్పుడైనా చెప్పానా?"

"లేదండి మేష్టారూ. తమరు చెప్పిందే శాస్త్రం. నా మనసులో ఎలక్ట్రాన్లు ఇప్పటికీ ఉన్నచోటే ఊగుతున్నాయండి."

"మరి పరీక్షలో ఎందుకు తప్పించారు?"

హయగ్రీవరావు గారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "శాస్త్రం వేరు, శాఖ వేరు కదండి. శాఖాపరంగా చూస్తే, ప్రస్తుతానికి ఎలక్ట్రాన్లు వెళ్ళి వస్తున్నాయి. పైనుంచి ఉత్తర్వులు వస్తే రేపే ఆపేస్తామండి."

అప్పటికే శాఖాపరమైన ఎలక్ట్రాన్లకి కష్టకాలం మొదలైంది. కరెంటు అలసి తిరిగి వస్తోందన్న సంగతి ఛైర్మన్ గారి మనసుని కలచివేసింది. 'కరెంటును అతిగా శ్రమపెట్టరాదు' అని రెండో తాఖీదు పంపారు. ఇస్త్రీ పెట్టె వాడినవారు తర్వాత కొంతసేపు చిన్న బల్బు మాత్రమే వెలిగించి కరెంటుకి విశ్రాంతి ఇవ్వాలి. న్యూట్రల్ తీగల మీద తిరిగి వస్తున్న కరెంటు ఏ మేరకు అలసిందో చూసి రమ్మని సబ్‌స్టేషన్‌కి ఒక బృందాన్ని కూడా పంపారు. ఆ బృందం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చెవి పెట్టి విని, "మూలుగు స్పష్టముగా వినవచ్చుచున్నది" అని నివేదిక రాసింది.

ఆ నివేదిక సంగతి పేపర్లో చదివాక మేష్టారు ఇక ఊరుకోలేకపోయారు. వారం రోజులు కూర్చుని ఛైర్మన్ గారికి అర్జీ రాశారు. ఫేజు ఏమిటో, న్యూట్రల్ ఏమిటో, ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు మూలుగుతుందో బొమ్మలతో వివరించి, చివర, "నా పాసుకోసం కాదు, ఎలక్ట్రాను పరువుకోసం రాస్తున్నాను" అని ముగించారు.

ఆ అర్జీ చదివినవాళ్ళు ఎవరో, దానికి భయపడినవాళ్ళు ఎవరో తెలియదు. విషయం శాసనసభ దాకా వెళ్తే ఎవరు జవాబు చెప్పాలన్న ప్రశ్న వచ్చిందని మాత్రం తర్వాత తెలిసింది. మొత్తానికి వర్షాలు పడే రోజులకి 'ప్రబోధిని' రెండో ముద్రణ వెలువడింది. దానికి ఛైర్మన్ గారే పీఠిక రాశారు. "మొదటి ముద్రణలోని కరెంటును ఇందుమూలముగా రద్దు చేయడమైనది. నేటినుండి ఎలక్ట్రాన్లు ఉన్నచోటనే ఊగును."

మేష్టారు గెలిచారు. మంగతాయారు పాయసం చేసింది. ఆ పాయసం గిన్నె ఖాళీ కాకముందే వీధిలో జీపు ఆగింది. హయగ్రీవరావు గారు చెమటలు కక్కుతూ లోపలికి వచ్చాడు.

"మేష్టారూ, తమరు వెంటనే బయల్దేరాలి. ఊరంతా కరెంటు పోయింది."

"పోతే నన్నేం చెయ్యమంటావు? నూకరాజున్నాడు కదా."

"నూకరాజుకి అర్హత పోయిందండి. నాకూ పోయింది. పాత కరెంటు మీద పాసైనవాళ్ళందరి పత్రాలూ రద్దయ్యాయండి. పాత జవాబు పత్రాలు కొత్త ముద్రణ ప్రకారం మళ్ళీ దిద్దించారు. మన డివిజన్ మొత్తానికి నెగ్గింది తమరొక్కరే."

మంగతాయారు మెళ్ళో పత్రం తీసి చూసుకుంది. "అయితే నేనిప్పుడు తప్పానా బాబూ?"

"మొదటి తరగతిలో తప్పారండి" అన్నాడు హయగ్రీవరావు గారు బాధగా.

సబ్‌స్టేషన్‌లో గాలివానకి కొమ్మ తగిలి లైను ట్రిప్పయింది. కొమ్మ తీసేసి చాలాసేపైంది. మీట పైకి ఎత్తితే చాలు. నూకరాజు మీట ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మేష్టారు వెళ్ళి, అతను చూపించిన మీటని, అతను చెప్పినట్టు ఎత్తారు. ఊరికి కరెంటు వచ్చింది. కానీ ఇళ్ళల్లో స్విచ్చులు ఎవరు వెయ్యాలి?

ఆ రోజు నుంచి మేష్టారికి జీపే ఇల్లయింది. పొద్దున్నే నీళ్ళ ట్యాంకు దగ్గర మోటారు వెయ్యాలి. అక్కణ్ణుంచి ఆస్పత్రి, ఆ తర్వాత పిండి మర, ఆ తర్వాత వీధులు. మొదట్లో ప్రతి ఇంట్లోనూ స్విచ్చు వేసి, కవ్వం, తాడు, వెన్న చెప్పి మరీ బయటికి వచ్చేవారు. వినేవాళ్ళు కూడా, వినకపోతే దీపం ఆర్పేస్తారేమోనని శ్రద్ధగా వినేవారు. క్రమంగా కవ్వం మానేశారు. తర్వాత మాట్లాడటమే మానేశారు. గుమ్మంలోంచి చెయ్యి లోపలికి పెట్టి నొక్కి, తర్వాతి గుమ్మానికి పరుగెత్తేవారు. గర్భిణిని ఆపరేషను గదిలోకి తీసుకెళ్తుంటే ఆయన పిండి మరలో ఉన్నారు. పిండి మర ఆపాల్సిన వేళకి నీళ్ళ ట్యాంకు దగ్గర ఉన్నారు. ట్యాంకు మోటారు ఆపాల్సిన వేళకి వీధుల్లో ఉన్నారు, ట్యాంకు పొంగి మోకాలి లోతు నీళ్ళు పారాయి. బిడ్డ మాత్రం ఆయన వచ్చేదాకా ఆగకుండా లాంతరు వెలుగులో క్షేమంగా పుట్టింది.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అరుగు మీద వాలిపోయారు. మంగతాయారు చీకటింట్లోంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"పొద్దున్న ఫేజు మీద వెళ్ళారు. ఇప్పుడు న్యూట్రల్ మీద వచ్చినట్టున్నారు" అంది.

మేష్టారు ఏదో అనబోయి, ఓపిక లేక నీళ్ళు తాగేశారు.

"పోనీ మాకందరికీ మళ్ళీ పరీక్ష పెట్టించకూడదూ?"

"పెడతారట. కొత్త ప్రశ్నపత్రం తయారు కావడానికి కరెంటు సంక్షేమ సలహా సంఘం కూర్చోవాలట. దానికి ఇంకా సభ్యుల్ని వెయ్యలేదు."

గోపాలరేవు చుట్టూ ఉన్నవన్నీ రొయ్యల చెరువులు. మబ్బు పట్టిన రోజు చెరువు నీళ్ళల్లో గాలి తగ్గిపోతుంది. ఏరియేటర్లు తిప్పి నీళ్ళు చిమ్మించకపోతే రొయ్యలు ఊపిరాడక పూటలో పోతాయి. ఆ వారం అల్పపీడనం పట్టింది. మూడు రోజులుగా సూర్యుడి జాడ లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మేష్టారు సబ్‌స్టేషన్‌లో మీట ఎత్తి బయటికి వచ్చేసరికి ఆవరణ నిండా చెరువుల రైతులు వానలో నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనకే, మేష్టారు తడుస్తారని గొడుగు పట్టుకొచ్చిన మంగతాయారు కూడా ఉంది. ముందున్న యర్రంశెట్టి గంగరాజు చేతులు జోడించాడు.

"రొయ్యలు తలకాయలు పైకెత్తేత్తన్నాయండి బాబూ. మా చెరువుకి ముందు రండి."

"మా చెరువు దగ్గరండి, దారిలోనే!" అని వెనక నుంచి ఇంకొకరు అరిచారు. క్షణంలో అందరూ అరవసాగారు. చెరువులు నాలుగు దిక్కులా ఉన్నాయి. జీపు ఒక్కటి. మేష్టారు ఒక్కరు. ఏ దిక్కుకి వెళ్ళినా మిగతా మూడు దిక్కుల రొయ్యలు చస్తాయి.

హయగ్రీవరావు గారు తాఖీదుల కట్ట విప్పి, వాన పడకుండా కడుపుకి అదుముకుని వెతికాడు. "దొరికిందండి! 'అత్యవసరములో, అర్హత పొందిన వ్యక్తి ఇతరులను మౌఖికముగా పరీక్షించి పత్రము ఇయ్యవచ్చును.' మేష్టారూ, తమరు అడగండి. వీళ్ళు చెప్తారు. అయిపోతుంది."

"జవాబు సరిగ్గా చెప్తేనే" అన్నారు మేష్టారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన అర మార్కు దానంగా వేసి ఎరగరు. గంగరాజుని దగ్గరికి పిలిచారు. "ఆల్టర్నేటింగ్ కరెంటు అంటే ఏమిటి?"

గంగరాజు వాన నీళ్ళు కళ్ళలోంచి తుడుచుకున్నాడు. "నాకు తెల్దండి. అది లేపోతే మా రొయ్యలు చచ్చిపోతాయండి. అంతేనండి నాకు తెలిసింది."

మేష్టారు హయగ్రీవరావు గారి వైపు చూశారు. హయగ్రీవరావు గారు ఆకాశం వైపు చూశాడు. నూకరాజు మీట వైపు చూశాడు. అప్పుడు మంగతాయారు గొడుగు వంచి ముందుకొచ్చింది.

"నన్నడగండి. నాకూ తెలీదు. మొదటి తరగతిలో పాసైనప్పుడూ తెలీదు, తప్పినప్పుడూ తెలీదు. మీరు చెప్పిన కవ్వం అర్థమైంది, ఆ తర్వాత మాటలు అర్థం కాలేదు. అయినా పెళ్ళైన దగ్గర్నుంచి ఆ ఇంట్లో దీపం పెడుతున్నది నేనే. ఎవరినైనా చంపానా?"

 వాన మేష్టారి కళ్ళజోడు మీద కారుతోంది. దాన్ని తుడుచుకుని ఆయన మళ్ళీ గంగరాజు వైపు తిరిగారు.

"సరే. రెండో ప్రశ్న. తెలియనప్పుడు ఏం చేస్తావు?"

"ఏం చేత్తానండి? చేతులు పొడిగుడ్డతో తుడుచుకుంటానండి. చెప్పులేసుకుని, చెక్క మీద నించుని స్టార్టరు నొక్కుతానండి. ఏదైనా తేడా కనపడితే ముట్టుకోకుండా నూకరాజుకి కబురెడతానండి."

"వెళ్ళు. పాసు."

గంగరాజు చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాడు. తర్వాతివాడు వచ్చాడు. మేష్టారు మొదటి ప్రశ్న మానేసి రెండో ప్రశ్నే అడిగారు. కొంతసేపట్లో నలువైపులా చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్మడం మొదలైంది. రైతుల తర్వాత నూకరాజు, అతని తర్వాత హయగ్రీవరావు గారు, అతని తర్వాత ఆస్పత్రివాళ్ళు, పిండి మరవాళ్ళు. ఊరు ఊరంతా వానలో వరస కట్టి పాసైంది. మంగతాయారు అందరికంటే ఆఖరున పాసై, "వంట ఆలస్యమైంది" అని వెళ్ళిపోయింది.

నూటికి నూరుమందీ నెగ్గారన్న నివేదిక పైకి వెళ్ళింది. 'సంపూర్ణ విద్యుత్ అవగాహన సాధించిన తొలి పట్టణం' అని గోపాలరేవుని సత్కరించడానికి ఛైర్మన్ గారు స్వయంగా బయల్దేరి వచ్చారు. హైస్కూలు ఆవరణలో పందిరి వేశారు. ఛైర్మన్ గారు మీట నొక్కితే వేదిక వెనక వెయ్యి చిన్న బల్బులతో 'తెలిసి వెలిగిద్దాం' అన్న అక్షరాలు వెలగాలి. మీట దగ్గర నూకరాజు నిలబడ్డాడు. ఛైర్మన్ గారు వేలు చాచేసరికి అడ్డం వచ్చాడు.

"అయ్యా, పత్రం చూపించండి."

హయగ్రీవరావు గారు వేదిక మీదికి ఉరికాడు. "నూకరాజూ!"

"ఎవరొచ్చినా పత్రం చూడకుండా నొక్కనివ్వద్దని వారి తాఖీదేనండి. మెళ్ళో దండలున్నాయి కానండి, పత్రం లేదండి."

ఛైర్మన్ గారు మాత్రం ఉబ్బిపోయారు. "భేష్! క్రమశిక్షణ అంటే ఇదీ. నియమం నాకైనా నియమమే. ఏరీ ఆ మేష్టారు? రమ్మనండి. నన్ను సభాముఖంగా పరీక్షించమనండి."

వీరభద్రం మేష్టారు వేదిక ఎక్కి నమస్కారం పెట్టారు. "ఆల్టర్నేటింగ్ కరెంటు అంటే ఏమిటండి?"

"కరెంటనేది ఒక ప్రగతి ప్రవాహం" అని ఛైర్మన్ గారు మైకు అందుకున్నారు. "అది కేంద్రం నుంచి గ్రామానికి, గ్రామం నుంచి గృహానికి వచ్చి, అక్కడ నిస్వార్థంగా పనిచేసి, అలసి..."

హయగ్రీవరావు గారు దగ్గాడు. "రెండో ముద్రణ సార్."

"...అలసిపోదు! ఊగుతుంది. ఎందుకు ఊగుతుంది? ప్రజాసేవ చేస్తున్నానన్న ఉత్సాహం చేత ఊగుతుంది!"

అధికారులు చప్పట్లు కొట్టారు. మేష్టారు అవి ఆగేదాకా ఆగారు.

"ఇంకొక్క ప్రశ్నండి. ఒక విషయం మనకి తెలియదనుకోండి. అప్పుడు మీరేం చేస్తారు?"

"ఏముంది మేష్టారూ!" అన్నారు ఛైర్మన్ గారు చిరునవ్వుతో. "ఒక పథకం పెడతాం."

 పందిట్లో వెనక వరసల్లో రొయ్యల రైతుల వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరస వరసా దాటి ముందుకి వచ్చింది. ఎందుకో తెలియక ఛైర్మన్ గారు కూడా నవ్వారు.

"క్షమించాలండి. మళ్ళీ చదువుకుని రావాలి" అన్నారు మేష్టారు మెల్లగా.

అక్షరాలు వెలగలేదు. సన్మానం పగటి వెలుగులో ముగిసింది. పది రోజులకి మరో తాఖీదు వచ్చింది. "ప్రాంతమంతట అవగాహన ఆశించినదానికంటె అధికముగా కలిగినందున, పథకము యొక్క అవసరము తీరిపోయి రద్దు చేయడమైనది." ఛైర్మన్ గారు మంచినీటి సరఫరాకి బదిలీ అయ్యారు. వెళ్ళీ వెళ్ళగానే, "మనం ప్రజలకి అందిస్తున్నదేమిటి?" అని అక్కడివాళ్ళని అడగడం మొదలుపెట్టారని విని హయగ్రీవరావు గారు తన ఇంట్లో గంగాళాలన్నీ నింపించుకున్నాడు.

ఆ బదిలీ కబురు తెలిసిన వేళ భోజనాల దగ్గర మంగతాయారు మజ్జిగ పోస్తూ అడిగింది.

"ఊరందరినీ పాసు చేశారు. అంత పెద్ద మనిషి, పాపం, అన్ని దండలతో నిలబడితే తప్పించేశారు. ఒక్క మార్కైనా వెయ్యకపోయారా?"

"ఎందుకు వెయ్యలేదు? వేశాను" అన్నారు మేష్టారు అన్నం కలుపుకుంటూ. "రెండో ప్రశ్నకి నిజమే చెప్పాడు కదా!"